మూరన్నర

ఆదివారం పొద్దున వింజమూరులో
పెరటి దడి పీకడం మొదలుపెట్టాం.
కలిగిరి రోడ్డు నుంచి ట్రాక్టర్లో వచ్చిన
ఇరవై రెండు సిమెంటు కంబాలు
వేపచెట్టు కింద పడుకుని ఉన్నాయి.

పాత దడి ఊరికే రాదు.
లాగితే రేగుకంప చెయ్యి పట్టుకుంటుంది,
సర్కారు తుమ్మ పైట పట్టుకుంటుంది.
"దీన్ని కట్టినోళ్లకి ముల్లంటే బయం లేదమ్మా"
అన్నాడు చెంచురామయ్య, గడ్డపారకి ఆనుకుని.

ఒక్క కట్టూ ఇంకోదానిలా లేదు.
అడుగున తాటినార, ముట్టుకుంటే పొడి.
దాని మీద నాయన సైకిలు ట్యూబు,
నాయన పోయాక అమ్మ చీరంచులు,
చివర నేను చుట్టిన కేబులు వైరు.
ఏ ఏడాదీ మొత్తం విప్పి కట్టింది లేదు.
కూలినచోట ఓ కట్టె,
కుక్క దూరినచోట ఓ కంప.

నా భుజమంత ఎత్తున
వెంట్రుకల ఉండలు దొరికాయి.
స్టీలుగిన్నెలవాడు వస్తే వేద్దామని
తల దువ్వుకుని అమ్మ దోపినవి.
అటువైపు నుంచి దోపినవి ఎర్రగా,
ఖాసింబీ గోరింటాకు రంగులో.
పంతొమ్మిదేళ్లు వీళ్లు జుట్లు పట్టుకున్నారని
వీధంతా చెప్పుకునేది.
నిజంగా పట్టుకున్నది ఇక్కడ,
ఒక్క తుమ్మకొమ్మ మీద.

గొడవంతా హద్దు గురించే.
"మా నేల తిన్నారు" అని అమ్మ
అంట్లు తోముతూ తోముతూ
బూడిదతో సహా విసిరేది మాటల్ని.

తుమ్మవేర్లు అడ్డమొస్తే
కాస్త ఇవతలికి జరిగి తీసిన మూడో గుంతలో
గడ్డపార ఖంగుమంది.
రాయి. నెత్తిన ఇంటూ గుర్తు.
మా దడికి మూరన్నర ఇవతల.

అంటే తిన్నది మేమే.
కట్టె మార్చినప్పుడల్లా బెత్తెడు బెత్తెడు
మా దడి అటే నడిచింది,
కరేపాకు చెట్టుని చంకనేసుకుని.

ఖాసింబీ వచ్చి రాయిని చూసింది.
ఆశ్చర్యపోలేదు.
"మీ అమ్మకి ఎరికేలే.
అందుకేగా అంత లావు అరిచేది."
కాసేపుండి,
"నాకూ ఎరికే.
చెట్టుకి నీళ్లు మీరే పోస్తన్నారు గదా,
పోన్లే అనుకున్నా."

చెంచురామయ్య బీడీ ఆర్పి నా మొహం చూశాడు.
రాయి వరసలోనే పాతమన్నాను.
"చెట్టు అటు పోద్ది మరి."
పోనీ అన్నాను.
అన్నాక వెనక్కి తిరిగి చూశాను,
అమ్మ వింటోందేమోనని.

పాత కట్టెలు వారం రోజులు
నీళ్లపొయ్యి కింద చిటపటలాడాయి.
కొత్త దడి నిటారుగా ఉంది.
ఇనపవల కంతల్లోంచి
ఖాసింబీ ఆరేసిన వడియాలు లెక్కపెట్టొచ్చు.

ఈ పొద్దున తల దువ్వుకుని
చేతిలో ఉండతో అలవాటుగా అక్కడికే నడిచాను.
దోపితే నిలవలేదు.
కంతలోంచి అటు జారి
కరేపాకు మొదట్లో పడింది.

తడిగా ఉంది ఆ మొదలు.