గెడకు వేలాడేది

కాయ్ రాంగ్ దగ్గర నది మీద సంత.
తెల్లవారుజామున నాలుగింటికి మొదలై
ఎండ చురుక్కుమనేసరికి సర్దుకుంటుంది.

మా ఏడో అత్త నిజానికి ఆరోది.
మా వైపు తొలిచూలు బిడ్డనే రెండు అంటారు,
ఒకటిని ఎవరికీ ఇవ్వరు.
ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు.

అత్త పడవ ముందు వెదురు గెడ.
గుమ్మడి అమ్మితే గుమ్మడికాయ,
అనాస అమ్మితే అనాస
కొనకు కట్టి నిలబెట్టడమే.
ఇంజన్ల రొదలో అరిచినా ఎవడికి వినబడుతుంది?
కొనేవాడి చూపు ముందొచ్చి కాయ మీద వాలుతుంది,
వెనకాలే పడవ వస్తుంది.

నది మీద పుట్టిన పిల్లలందరికీ తెలిసిన మినహాయింపులు మూడు:
ఆరేసిన బట్టలు వేలాడతాయి, అమ్మకానికి కాదు.
కాఫీ, నూడుల్స్ అమ్ముతారు, వేలాడదీయరు.
మూడోది కొబ్బరాకు.
దాని సంగతి తర్వాత.

రోడ్డు పడింది. లారీలొచ్చాయి.
పడవల మధ్య దారి వెతుక్కునే వాళ్ళం
ఖాళీ నీళ్ళ మీద ఒకరికొకరం దూరంగా తేలాం.
అత్త గెడ మీది పనసకాయ
మూడ్రోజులకి పండి
ఈగలకి మాత్రం మంచి ప్రకటన అయింది.

నాది ఒడ్డున ఫోన్ల రిపేరు కొట్టు.
ఒక పాత ఫోనుకి పగిలిన అద్దం మార్చి
అదే గెడకి, కాయకి కాస్త కిందుగా,
రబ్బరు బ్యాండ్లతో బిగించాను.
"ఇదీ గెడే అత్తా. కొంచెం పొడుగు.
దీని కొన హనోయికి కూడా కనబడుతుంది."
అత్త మెడెత్తి చూసి
"అంత పొడుగైతే గాలికి విరగదూ?" అంది.

మొదటి లైవ్‌కి పదకొండు మంది.
నలుగురు చుట్టాలు, ఒకణ్ణి నేనే, వేరే పేరుతో.
కెమెరాకి వీపు పెట్టి
ఇరవై నిమిషాలు కాయలు లెక్కపెట్టింది అత్త.
నేను నేర్పిన "ఆఫర్", "స్టాక్ ఉన్నంతవరకే"
ఒక్కటీ నోట్లోంచి ఊడిపడలేదు.

మూడో వారం ఒక పనసని వేలి కణుపుతో కొట్టి
చెవి ఆనించి
"ఇంకా నిద్రలో ఉంది, ఎల్లుండి రండి" అంది.
అమ్మనన్న ఆ కాయ కోసం
రాత్రికి రెండువేల మంది.

"వెనకాల ఆ నీలం చొక్కా ఎంత?" దా లాత్ నుంచి ఒకామె.
"ఊయల్లో పడుకున్నాయన ఎంత?" ఇంకెవరో.
అత్త కాస్త ఆలోచించింది.
"చొక్కా వేలాడుతోంది గానీ అమ్మం.
ఆయన్ని అమ్ముతాం గానీ ఎవరూ కొనరు."
ఊయల్లోంచే కాలూపాడు మామ.
ఆ ముక్క దేశమంతా తిరిగింది.
నేను యాభై వేల డాంగులు పోసి బూస్ట్ చేసిన పోస్టుకి
మూడే మెసేజీలు,
అందులో ఒకటి అప్పిస్తామని.

ఆర్డర్లు పెరిగాయి.
కొరియర్ కుర్రాడు పడవెక్కనన్నాడు, ఈత రాదట.
ఒడ్డున రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాం.
తూకం మిషను, టేపు, అట్టపెట్టెలు.
షెడ్డు నిండా పనస వాసన.
పడవలో కుక్క పడుకునేది.
ఎవరూ పైకనలేదు.

నిన్న పొద్దున లైవ్ పెట్టేసరికి
గెడ కొనన కాయ లేదు.
కొబ్బరాకు.
వేలాడేది ఒకటి, అమ్మేది ఇంకొకటి:
ఆకు కడితే
పడవే అమ్మకానికి.

ఫోన్ నిండా ఎర్రటి గుండెలు.
"ఆకు కట్ట ఎంత?"
"ఎంత బాగుందో, లొకేషన్ చెప్పండి."
తొమ్మిది వందల మంది చూస్తున్నారు,
చదవగలిగినవాడు ఒక్కడూ లేడు.

ఉల్లిపాయల పడవలో పోతున్న న్యోంగ్ తాత
ఇంజన్ ఆపాడు.
తలెత్తి చూశాడు.
ఆకుల టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.
ధర అడగలేదు.
రెండు పడవల మధ్య నీళ్ళు
కాసేపు చప్పుడు చేశాయి.

అత్త నావైపు తిరిగి మెల్లగా:
"నీ గెడ మీద
చూడండి గానీ ఏమీ అడక్కండి అని చెప్పే
ఆకేదైనా ఉందా?"

సెట్టింగులు తెరిచి
ఇంకా వెతుకుతున్నాను.