ఎడమ ఫోర్కు

కొబ్బరి దుంగ మీదకెత్తి
బండికి ముందు చక్రం ఊడదీశాను.
నెలరోజులుగా ఎడమ ఫోర్కు చెమరుస్తోంది,
బ్రేకు నొక్కితే సాష్టాంగపడుతోంది.

డాల్డా డబ్బాలోకి ఒంచితే
కుడికాల్లోంచి నల్లటి నూనె.
ఎడమకాల్లోంచి ముందు నీళ్ళు,
వెనక విరిగిన పాలలాంటిదేదో,
చివర చిటికెడు ఎర్ర ఒండ్రు.

ఎప్పటిదో తెలిసింది.
కాజ్‌వే మీదకి ఏరెక్కిన సాయంత్రం
టీకాల పెట్టె నెత్తినెట్టుకుని సత్తెవేణి ముందు,
హెడ్‌లైటు దాకా మునిగిన బండితో నేను వెనక.

తర్వాత ఇల్లు కడిగాం, పరుపులెండేశాం,
వరద పోయిందనుకున్నాం.
ఏడాదిగా ప్రతి గుంతలోనూ
మా ముందే
కిందకీ పైకీ ఊగుతూ ఉందన్నమాట.

ఉప్పుగాలి కొరికిన క్రోమును
సన్నకాగితంతో బుజ్జగించాను.
కొత్త సీలు నెత్తిన పీవీసీ గొట్టం పెట్టి
చప్పుడు మారేదాకా కొట్టాను.
నూనె కొలత సత్తెవేణిది:
పాత సిరంజి కంటికెదురుగా పట్టుకుని
"నూట యాభై ఎనిమిది. ఇంకో రెండు.
ఆగు, బుడగ."

అన్నీ బిగించాక
ఒక వాషరు మిగిలింది.
బొమ్మలో లేదు, డబ్బాలో లేదు,
నా తలకాయలో అసలే లేదు.

"ఏటిగట్టు మీద తెలుస్తుందిలే" అని
వాషరు కొంగున ముడేసుకుని
వెనక సీటు తుడుస్తోంది.