పెట్టె పలికేదాకా

బ్రాడీపేటలో మా పచ్చళ్ల కొట్టు.
పోయిన నెల ఒకడు ఫోన్ ఎత్తి చూపించాడు:
పచ్చటి టిక్కు, పన్నెండొందల నలభై.
"సరే నాయనా" అన్నాను.
రెండు కిలోల పండుమిర్చి బండెక్కి పోయింది.
డబ్బు ఇంకా దారిలోనే ఉంది.

అప్పట్నించీ పెట్టె పలికితేగానీ
డబ్బా మూత మీద చెయ్యి తియ్యను.

ఇవాళ సైదులు మేస్త్రి.
ఇరవయ్యేళ్ల ఖాతా, గోళ్లనిండా సున్నం.
"కొట్టానమ్మా, తొంభై" అన్నాడు.
పెట్టె మాట్లాడలేదు.
నేనూ మాట్లాడలేదు.
తప్పంతా అద్దానిదే అన్నట్టు
ఆయన ఫోన్‌ని చొక్కాకి తుడిచాడు,
మళ్లీ తుడిచాడు.
వెనకాల ఎవరో దగ్గారు.

"తొంభై రూపాయలు అందాయి."

గోంగూర పొట్లంలో
గరిటెడు ఎక్కువే వేశాను.
ఆయన గరిటెని చూళ్లేదు,
పెట్టె వైపే చూస్తున్నాడు.