గాలి పోయేదాక

కాశిబుగ్గ గల్లీల, ఐతారం పొద్దుగాల
బానెట్ లేపి సందుల కట్టె పెట్టిన.
ఆపే రాడు ఇరిగి రెండేండ్లయింది,
పొయ్యిలకు తెచ్చిన తుమ్మకట్టెనే దిక్కు.

నాలుగొద్దుల సంది బండి దగ్గుతున్నది.
అండర్‌బ్రిడ్జి దిగుడు బాగనే దిగుతది,
ఎక్కేటప్పుడే నడిమిట్ల పాణం ఇడుస్తది,
ఎనుకున్నోళ్ల హారన్లన్నీ నా నెత్తిమీద.
మొన్న ఏనుమాముల యార్డుకు తీసుకపోతుంటే
మిర్చి సేటు దిగి నడుసుకుంటనే పోయిండు.
కిరాయి ఇయ్యలె.

జానీమియా షెడ్డుల అడిగితే పద్దెనిమిది వందలన్నడు.
ఫిల్టర్‌కు ఆరు వందలు,
కడమది చేతిగుణానికి.
నాకూ రెండు చేతులున్నయి గదా అని
ఫిల్టర్ ఒక్కటి కొనుక్కచ్చుకున్న.

బ్యాటరీ వైరు ఇప్పిన.
నూనె డబ్బా కోసి కింద పెట్టి
అడుగున నట్టు తిప్పిన.
ముందుగాల నీళ్లచ్చినయి.
డీజిల్ కంటె ముందు, నీళ్లు!
డబ్బాల అడుక్కు దిగి, నడుమ గీత గీసినట్టు
వేరే కూసున్నయి.
ఏ బంకోడు పోసిండో, ఏ వానకాలం చొరబడ్డదో,
నా ట్యాంకుల ఒక చిన్న కుంట
నాకు తెల్వకుంటనే నాతోని తిరిగింది.

రెండు పైపులూ ఒక్కతీరుగున్నయి.
లోపలికి పొయ్యేదానికి ఎర్రదారం కట్టిన,
సువార్త కుట్టుమిషన్ డబ్బాలది.
అడిగితే తర్వాత చెప్పుకుందాం.

పాతది పచ్చి ఇటుక లెక్క బరువున్నది.
ఊకుండబుద్ధి గాక రంపం పెట్టి కోసిన.
లోపల కాయితం, కుచ్చిళ్లు పోసినట్టు మడతలు,
మడత మడతకూ నల్లటి జిగురు.
బండి దగ్గినప్పుడల్లా నేను తిట్టింది దీన్నే.
పాపం, ఇదంతా ఆపుకుంట కూసున్నది.

కొత్తది ఎక్కిచ్చి క్లిప్పులు బిగిచ్చి తాళం తిప్పిన.
గిర్ర్... గిర్ర్... గిర్ర్...
ఇంజన్ పలుకలె.
ఎదురింటి అరుగు మీద యాకూబ్ మామ
"తొయ్యాలెరా" అన్నడు, లేవకుంటనే.

అప్పుడచ్చింది సువార్త,
ఎంజీఎంల నైట్‌డ్యూటీ దిగి,
చేతిల ఖాళీ టిఫిన్, కండ్లల్ల రాత్రంతా అట్లనే.
చెప్పులు ఇడువలె. వంగి చూసింది,
లోపలికి కనబడే ఆ సన్న పైపుల
బుడగలు బుడగలు.

"గాలున్నది. గాలి పోకుంట మందెట్ల ఎక్కుతది?"

పైనున్న స్క్రూ అరచుట్టు ఇప్పమన్నది.
రబ్బరు బుగ్గను నా చేతిల పెట్టింది.
"ఒత్తు. మెల్లగ. ఇడువు. మల్ల."
సెలైన్ పైపును కొట్టినట్టు
పైపు మీద గోటితోని టిక్కు టిక్కున కొట్టింది.
నురుగచ్చింది, తుప్పున చీదింది,
నా అంగి మీద నిండ పడ్డది.
ఆమె పైపు దిక్కే చూసుకుంట అన్నది:
"రాత్రి ఒక పిలగానికి నరం దొరకలె.
నాలుగు చోట్ల పొడిచిన."
నేను ఒత్తుకుంట ఒత్తుకుంటనే
"దొరికిందా?" అన్న.
ఒక పెద్ద బుడగ పైకి పొయ్యేదాక ఆగి
"తెల్లారంగ" అన్నది.

బుగ్గ గట్టిపడ్డది.
కాలం కాని కాలంల జామకాయ ఒత్తినట్టు.
స్క్రూ బిగిచ్చిన. వైరు మల్ల చూసిన.
ఆమె డ్రైవర్ సీట్ల కూసోని తాళం తిప్పింది.
మొదటిసారి దగ్గింది.
రెండోసారి గల్లంత తెల్లపొగ,
యాకూబ్ మామ తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకున్నడు,
పొగల నుంచి ఇంజన్ చప్పుడు
దడదడ కుదురుకున్నది.

కట్టె తీసి బానెట్ దించి వస్తే
సీట్లనే నిద్రపోయింది.
టిఫిన్ డబ్బా ఒళ్లె, ఒక చెయ్యి ఇంకా తాళం మీద.
అద్దం దించే ఉన్నది.
బండి సన్నగ వణుకుతుంటే
ఆమె తల గూడ సన్నగ వణుకుతున్నది.

"బంద్ చెయ్యవారా, డీజిల్ కాలుతున్నది"
అని మామ అరిచిండు.
మూతి మీద వేలు పెట్టి ఊకోమన్న.
వేలంత డీజిల్ వాసన.