తూము రాళ్లు

తెల్లారగట్ల మూడున్నరకు
శంకర్‌పల్లి అవతల, అంతమ్మ పొలంకాడ ట్యాంకరు పెడ్త.
బోరుకు కరెంటు వచ్చే యాళ్ల అది.
పైపు లోపలికి దించి బంపరు మీద కూసుంటే
నిండేదాంక ఇనుము చప్పుడు మారుతుంటది.
ముందుగాల ఖాళీ డబ్బా దరువు,
తర్వాత గొంతుల గుటక,
ఆఖరుకు ఏ చప్పుడూ ఉండది.
నిండినట్టు గదే గుర్తు.

అంతమ్మ కంటికి నిద్ర లేదు.
రెండేండ్లాయె నాటు మానుకొని.
ఒడ్లకన్న నీళ్లే పిరం, గందుకే.
మడికట్లల్ల గరిక మొలిచింది.
ఒకటో రెండో కొంగలు
అలవాటు పోక వచ్చి నిలబడ్తయి,
కొంచెంసేపు చూసి పోతయి.
బోరు మొదాలు మూడొందల ఫీట్లు,
నిరుడు ఏడొందలు,
ఈ ఎండకాలం వెయ్యి దాటింది.
"ఇంకెంత లోతు పోతవ్ అత్తా?" అంటే
"అప్పు ఎంత లోతుందో గంత" అన్నది.

మళ్ల తనే అడిగింది:
"మా నీళ్లు ఎన్నో అంతస్తుకు ఎక్కుతయి బిడ్డా?"
ఇర్వై రెండు అన్న.
నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.
"నేనెన్నడు అంత పైకి ఎక్కలే.
కిందికెల్లి వచ్చినయి, పైన బతుకుతున్నయి."

రింగు రోడ్డు మీద బ్రేకు వేస్తే
బండి ఆగుతది, నీళ్లు ఆగయి.
ఓ అల ముందుకొచ్చి
నా వీపు వెనక రేకును నూకుతది.
చెరువు నిండినప్పుడు కట్ట కూడ గిట్లనే వణికేదని
నాయిన చెప్పెటోడు.

నాయిన మొగిలికుంటకు నీరటి.
రాత్రంత కట్ట మీద కందిలి పట్టుకొని తిరుగుడు,
తూము తీసుడు, పెట్టుడు.
ఎవరి మడికి ఎంతసేపో
నీడ పొడుగు చూసి చెప్పెటోడు.
పై మడి ఆసామి ఎంత ఒర్లినా
కింది మడి తడవందే తూముకట్టె దించకపోయేది.
జీతం లేదు.
కుప్పకాడ చాటెడు ఒడ్లు,
కొందరు అవి గూడ కొలవంగ ఏడ్చెటోళ్లు.

మొగిలికుంట జాగకే ఇప్పుడు నేను నీళ్లు తెస్త.
గేటు మీద ఇంగ్లీషుల సరస్సు అని రాసుంటది.
సెక్యూరిటీ పిలగాడు ఒడిశాకెల్లి వచ్చిండు,
ఏ సరస్సో ఆయనకు తెల్వదు.
పాపం, ఎందుకు తెల్వాలె?

తూము రాళ్లు రెండూ ఉన్నకాడ్నే ఉంచిండ్రు.
చుట్టూ గడ్డి పరిచి, కింద పచ్చ లైటు పెట్టిండ్రు.
సాయంత్రం ట్రిప్పు తెచ్చినప్పుడు చూస్త,
పిల్లలు ఆ బొక్కలకెల్లి
ఒకలనొకలు తొంగిచూసుకుంట ఆడుతుంటరు.
ఆటైతే మంచిగనే ఉంటది.

పైపు సంపుల పెట్టంగనే నీళ్లు వదలొద్దు.
మేనేజరు ఫోనుకు ఓటీపీ రావాలె,
ఆయన చెప్పాలె, నేను ఎక్కియ్యాలె.
ఇయ్యాల సారు ఫోను ఎత్తలే.
నలభై నిమిషాలు నిలబడ్డ.
ట్యాంకరు కింద వాల్వుకాడ సీలు పాతది,
చుక్క చుక్క కారి
టైల్సు మీద సన్న పాయ కట్టింది.
పక్కనే జాలీ మోరీ ఉన్నది,
అటు పోలే.
వంకరలు పోయి పోయి
తూము రాళ్ల దిక్కు నడిచింది.
మేస్త్రీలు ఎంత లెవెలు చేసినా
వాలు గట్లనే మిగిలినట్టుంది.

నేను బొటనవేలుతోని వాల్వు ఒత్తిపట్టుకున్న.
అంతమ్మ నీళ్లు గద, దుబారా ఎందుకని.
ఆపంగనే పాయ కొస ఎండుడు మొదలుపెట్టింది,
రాళ్లకు ఇంక రెండు జానలున్నదనంగ.

అప్పుడు ఫోను మోగింది.

తూము తీసేముందు నాయిన
నీళ్ల మీదికి వంగి ఓ మాట అనెటోడు.
దేవునికి చెప్పేదో, చేపలకు చెప్పేదో,
చిన్నగున్న, అడగలే.
ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

వాల్వు మీద చెయ్యి పెట్టి
నాకు వచ్చిందే నేను గట్టిగ సదివిన:
ఏడు, సున్న, సున్న, మూడు.