బెత్తెడు

రాత్రి ఒకటిన్నర. కాజీపేట.
చాయ్ దుకాణం షట్టర్ సగం దించి
యాకూబ్‌తో కలిపి తొమ్మిది మందిమి.
వెనుక అర్రల వాళ్ళమ్మ పండుకున్నదని
టీవీ సౌండు మొత్తం తీసేసిండు.
అందుకే గోల్ పడ్డప్పుడు
నోర్లు తెరిచి చప్పుడు లేకుండ అరిచినం.
బల్ల గుద్దలే,
ఒకని తొడ మీద ఒకడు గుద్దుకున్నం.

ఎనభై తొమ్మిదో నిమిషం.
ఎర్ర జెర్సీ పిలగాడు, పందొమ్మిదేండ్లు నిండలే,
మోకాళ్ళ మీద జారుకుంట మూలజెండా దాక పోయిండు.
అగో, రెఫరీ చెవ్వు మీద వేలు పెట్టిండు.

చెవిల ఎవరో మాట్లాడుతున్నరు.
ఎక్కడ్నో ఒక అర్రల తెరల ముంగట కూసున్నోళ్ళు.
మొఖాలు మనకు కనవడయి.
నాలుగు నిమిషాలు చూసిండ్రు.
ఆ నాలుగు నిమిషాలల్ల
యాకూబ్ పాలు పొంగిచ్చి దించిండు,
బల్లార్షా దిక్కు గూడ్సు ఒకటి పోయింది,
యాభై ఎనిమిది డబ్బాలు.
లెక్కబెట్టింది ఓదెలు. అలవాటు పోలే.

అప్పుడు గీతలు దిగినయి.
నీలంది ఒకటి, ఎర్రది ఒకటి.
పిలగాని చంక కాడ మొదలువెట్టి
సూటిగ గడ్డి మీదికి.
బెత్తెడు.
బెత్తెడు గూడ కాదు,
నాలుగేండ్ల పోరడు పెట్టే బెత్తెడు.
గోల్ లేదు.

"అటు పక్క ఇంకొకడున్నడు గదరా!
ఆ డిఫెండర్ను ఇడిసిపెట్టి గీసిండ్రు!"
రాజలింగు టీవీ మీదికే లేచిండు.
నిజమే. పదిహేడు కండ్లకు కనవడ్డది
(యాకూబ్ కన్ను ఒకటి పొర కమ్మింది).

తెల్లారి ఫోన్ల నాలుగు లైన్ల కాయిదం వచ్చింది.
మానవ తప్పిదం జరిగినది, చింతిస్తున్నాము.
ఏ మానవుడో పేరు లేదు.
పాయింట్లు వాపస్ లేవు.
శనివారం అదే అర్ర, అదే కుర్చీ,
కుర్చీల అదే మనిషి.

రాజలింగు తిట్టిండు. నేను తిట్టిన,
మా అవ్వ ఇంటె నోట్ల కారం పోసేటన్ని.
ఓదెలు మాత్రం నా ఫోన్ అడుక్కొని
అద్దాలు తుడుసుకొని
ఒక్క మాట కాడ వేలు ఆనిచ్చిండు.
"మానవ తప్పిదం. గిదే మాట,
నా కాయిదంల గూడ."

మంచు రాత్రి. హసన్‌పర్తి ఇవతల
ఇంజను ముక్కు ఎర్రదీపం దాటింది.
ఎవరికీ దెబ్బ తాకలే, పట్టా ఇడవలే.
ముగ్గురు ఆఫీసర్లు టేపు పట్టుకొచ్చి
వంగి కొలిచిండ్రు, రెండుసార్లు.
ఆయన పేరు రాసిండ్రు, తండ్రి పేరు రాసిండ్రు,
ముందురోజు ఎన్ని గంటలు పండుకున్నడో రాసిండ్రు.
ఆ దీపం మసకగున్నదని
తాను మూడుసార్లు బుక్కుల రాసిన ముచ్చట
ఎవరూ రాయలే.
ఇరవై ఆరేండ్ల నౌకరి.

మరి ఆ తెర ముంగట కూసున్నోని నౌకరి గూడ
పోవాలె అంటడనుకున్న.
"పోవద్దురా. వానికీ పిల్లలుంటరు.
ముంగటికొచ్చి, నేనే గీసిన అంటే సాలు."

మా రైల్వే గ్రౌండుల ఇన్నయ్య సారు
విజిల్ ఊదుతడు ఆదివారాలు.
ఒకపారి లేని పెనాల్టీ ఇచ్చిండు.
మర్నాడు ఓడినోళ్ళ క్వార్టర్ల ముంగట
సైకిల్ స్టాండు వేసి,
"నిన్న నాకు ఎండ కొట్టింది, కనవడలే" అన్నడు.
అంతే. గోల్ మారలే.
మారకున్నా ఎవడూ సైకిల్ గాలి తీయలే.

శనివారం మళ్ళ పోయినం. సిగ్గు లేదు మాకు.
మళ్ళ ఆ వేలు, మళ్ళ ఆ చెవ్వు.
ఈసారి గీత మా దిక్కే పడ్డది, గెలిచినం.
తొడలు గుద్దుకున్నం గని
గట్టిగ గుద్దుకోలే.

ఇంటికొస్తుంటె పాత గేటు కాడ ఎర్రదీపం.
అది రైలుకు, మనుషులకు గాదు.
నేను దాటిన, రాజలింగు దాటిండు.
మర్రి చూస్తే ఓదెలు అవుతల్నే ఆగిండు.
చెప్పుల కొసలు
సున్నం గీతకు బెత్తెడు ఎనుక.

పిలవబుద్ధి కాలే.
పచ్చ పడేదాక
మేం గూడ ఇవతల నిలబడ్డం.