మూడో గడి

ఉమ్మల్ కువైన్ ఖోర్‌లో నీళ్ళు వెనక్కి తీసే వేళ
ఇంజను ఆపేసి గెడకర్రతో నెడతాను.
పులికాట్‌లో నేర్చిన పని. ఉప్పు వేరు, బురద ఒకటే.
డాక్టర్ మర్యం ఒళ్ళో లాప్‌టాప్, మెడలో దుర్భిణి.
నా చేతిలో లెక్కపెట్టే మీట,
ఒక పిట్టకు ఒక నొక్కు.

తెల్లటి ఒళ్ళు, నల్ల రెక్కలు,
పీతను విరవడానికే పుట్టినట్టు లావుపాటి ముక్కు.
ఆవిడ బురద మేటను పదహారు గడులుగా కోసింది.
ఒకటో దాంట్లో పీతలు మెండు, రెండో దాంట్లో సగం.
మడచెట్ల పక్కనున్న మూడోది
అన్నిటికంటే బలిసిన నేల.

"పిట్టలకు లెక్కలొచ్చు పోలయ్యా," అంటుంది హిందీలో.
"మంచి చోటికి అందరూ పోతారు.
అందరూ పోయాక అది మంచి చోటు కాకుండా పోతుంది.
అప్పుడు కొన్ని లేచి పేద గడిలో వాలతాయి.
చివరికి ఎక్కడ వాలినా
ఒక్కో ముక్కుకు అందేది ఒకే వాటా."

నాకు సూళ్ళూరుపేటలో ఒక పెళ్ళి గుర్తొచ్చింది.
గారెల బుట్ట ఏ వరసకు తిరిగితే
జనం విస్తళ్ళెత్తుకుని ఆ వరసకు జరిగారు.
చెప్పాను. నవ్వింది, రాసుకుంది.
వడ్డించేవాడు మనవాడైతే
కడ బంతిన కూర్చున్నా ఒకటేనని మాలో సామెత, అన్నాను.
ఈసారి నవ్వలేదు.
"నా సమీకరణంలో వడ్డించేవాడు ఎవరివాడూ కాడు.
ప్రతి పిట్టకూ అన్ని గడులూ తెలుసు,
ఏ గడికైనా ఎగిరిపోవచ్చు.
ఈ రెండూ ముందే ఒప్పుకున్న మాటలు."

నేను గెడ వేశాను.
నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో
ఏ అరలో ఉందో నాకు తెలుసు.
తెలియడం వరకూ సరిపోయింది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నొక్కాను.
గీత చెప్పిన చోట చెప్పినన్ని పిట్టలు.
మూడో గడి ఒక్కటే మొండికేసింది.
రెండొందల నలభై రావాలి, వచ్చినవి ముప్పై ఒకటి.
బురద జల్లెడ పట్టింది: పీతలున్నాయి.
ఉప్పు కొలిచింది: మామూలే.
డేగ తిరుగుతోందేమోనని మూడు సాయంత్రాలు ఆకాశం చూశాం.
తెర మీద పదిహేను చుక్కలు గీతను పట్టుకునున్నాయి,
మూడోది కిందెక్కడో,
బడి ఎగ్గొట్టిన పిల్లాడిలా.

నాకు తెలుసు.
మూడు వారాలుగా తెలుసు.
గురువారం రాత్రుళ్ళు క్యాంపు నుంచి పదకొండు మందిమి,
నేను, సిరిసిల్ల గంగారాం, సిల్హెట్ రఫీకుల్,
లైట్లు, గోనెసంచి, మోకాలి లోతు బురద.
మెస్సు పప్పులో వారం వారం నీళ్ళు పెరుగుతున్నాయి.
బలిసిన నేల ముక్కుకు తెలిసినట్టే
కాళ్ళకూ తెలుస్తుంది.

పడవ ఒడ్డుకు లాగుతూ చెప్పేశాను,
ఆవిడ వైపు చూడకుండా.
తాడు కట్టడం అయిపోయినా మాట్లాడలేదు.
తర్వాత సమీకరణం చివర ఒక అక్షరం చేర్చింది,
వంకర తోకది, గ్రీకుదట.
"ఇది నువ్వు," అంది. "నువ్వూ మీవాళ్ళూ."
గీత కొంచెం వంగింది.
ఆ చుక్క దగ్గరకొచ్చింది, పూర్తిగా కాదు.

ఆ వారం నేను పోలేదు.
గంగారాం వాళ్ళు పోయారు.
పులుసు నాకూ పెట్టారు, తిన్నాను.

సోమవారం మూడో గడిలో నలభై నాలుగు నొక్కులు.
ఆవిడ ఏమీ అనలేదు, ఒక్కరోజు చాలదట.
నలభై ఐదోది ఆలస్యంగా దిగింది,
పడవకు మరీ దగ్గరగా.
పీతను పట్టి, తలెత్తి నా వైపు తిరిగింది.
నా అక్షరం బరువెంతో
తూచుకుంటున్నట్టుంది.
మీట మీద బొటనవేలు అలాగే ఉంచాను.
నొక్కితే చప్పుడవుతుంది.